అరుగు మీద కొన్న కంప్యూటర్

మా కాలేజీ ల్యాబుకి కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు అట్టపెట్టెలు విప్పే పని నేను ఎవరికీ వదలను. మదర్‌బోర్డును చుట్టిన బూడిదరంగు సంచీ మూతి చించగానే ఒక వాసన వస్తుంది. కొత్త ప్లాస్టిక్కూ, ఇంకా వేడెక్కని లోహమూ, ఏదో పలచటి మందూ కలిసినట్టుండే ఆ వాసన నా తోటి లెక్చరర్లకు పట్టదు. నాకు మాత్రం అది ముక్కుకి సోకగానే దాని వెనకాలే ఎండుమిరప ఘాటు తగులుతుంది. నరసరావుపేట నడిబొడ్డున, మూడో అంతస్తులో, ఏసీ గదిలో మిరపకాయలెక్కడివని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ ఘాటు వెనకాలే విసుగు వస్తుంది. అదీ ఇప్పటిది కాదు. ఎనిమిదో తరగతి అయిపోయిన వేసవి సెలవుల్లో, ఒక్క కంప్యూటర్ కొనే వంకన మా నాన్నా, మా నాన్న చుట్టూ చేరిన ఊరూ కలిసి నన్ను పెట్టిన యాతన తాలూకు విసుగది.

మాది శావల్యాపురం నుంచి లోపలికి పోయే రోడ్డు మీద ఒక పల్లె. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మా ఊరికి ఎరుపు తప్ప వేరే రంగు ఉండేది కాదు. కల్లాల నిండా పరిచిన మిరపకాయలు, వాటి మధ్య ముక్కులకు కొంగులు చుట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు, గోనెసంచుల్లో కాయలు తొక్కేటప్పుడు లేచే పొగలాంటి దుమ్ము, గాలి అటునుంచి ఇటు తిరిగితే బడిలో మాస్టారితో సహా తరగతి మొత్తం తుమ్మడం, ఆ తుమ్ముల వంకతో పాఠం ఆగిపోవడం, ఇదీ మా ఎండాకాలం. ఉగాదికి అమ్మ బొబ్బట్లు వత్తితే ఎంత కడుక్కున్నా పోని కారం వేళ్ళ నుంచి పూర్ణంలోకి దిగేది. తీపి తింటుంటే నాలిక చివర సన్నగా చురుక్కుమనేది, అలా చురుక్కుమనకపోతే అది మా ఇంటి బొబ్బట్టే కాదనిపించేది. మధ్యాహ్నాలు వసారాలో ఆడపిల్లలం వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడుకునేవాళ్ళం. పొద్దు వాలాక మాత్రం ఊళ్ళో పిల్లలందరూ బడి ఆవరణకే పరిగెత్తేవాళ్ళు, ఎందుకంటే అక్కడ మా అన్నయ్య శేషు కబడ్డీ ఆడేవాడు.

అన్నయ్య అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. సన్నగా, నల్లగా, చెరకుగడలా ఉండేవాడు. కూతకు వెళ్ళాడంటే అవతలి జట్టు వాళ్ళ చేతుల్లోంచి చేపలా జారి గీత దాటి వచ్చేవాడు. ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్ళకు తాటిచెట్టంత ఎత్తున, రంగుబల్బులతో వెలిగే మా ఊరి ప్రభ కట్టినప్పుడు పైకెక్కి తాళ్ళు బిగించింది కూడా వాడే. తిరునాళ్ళయిన కొన్నాళ్ళకు, మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె టిక్కీలు వేసుకుని వస్తున్న ట్రాక్టరు కాలవగట్టు మీద ఒరిగింది. టిక్కీల మీద కూర్చున్న అన్నయ్య కింద పడ్డాడు, వాడి కాలి మీద ట్రాలీ చక్రం ఎక్కింది. గుంటూరు ఆసుపత్రిలో కాలికి రాడ్లు వేశారు. నడక వస్తుందన్నారు, కబడ్డీ మాత్రం మర్చిపోమన్నారు. ఆ మాట డాక్టరు గారు నాన్నతో బయట చెప్పారు గానీ, తలుపు సరిగా మూయలేదు.

ఇంటికొచ్చాక అన్నయ్య నవారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మొదట్లో స్నేహితులు గుంపుగా వచ్చారు. కబడ్డీ మాటలు తప్ప వేరే మాటలు తెలియనివాళ్ళు, ఆ మాటలు ఎత్తకూడదని పెద్దవాళ్ళు చెప్పిన మీదట ఏం మాట్లాడాలో తోచక, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత రావడం తగ్గించారు. అమ్మ వాడికిష్టమని గోంగూర పచ్చట్లో నంజుకోను ఉల్లిపాయ పెడితే సగం ముద్దలు వదిలేసేవాడు. నోరు తెరిచి ఏదీ అడగని వాడు, ఒక పొద్దున నాన్న మంచం పక్కన కూర్చుని టీ తాగుతుంటే, గోడతో మాట్లాడినట్టుగా అన్నాడు.

"నాన్నా, ఒక కంప్యూటర్ కొంటావా. గేములు ఆడేది."

నాన్న టీ గ్లాసు కింద పెట్టి, "కొంటాన్రా. ఎందుక్కొనను. ఎంతలో వచ్చిద్దో చెప్పు," అన్నాడు. మరీ ఖరీదైనది వద్దనీ, మరీ నాసిదైతే గేములు ఆడవనీ, మధ్యరకంలో మంచిది కుదుర్చుకోవచ్చనీ అన్నయ్య చెప్పాడు. నాన్న సరేనన్నాడు. అక్కడితో ఆగి ఉంటే నేనీ రోజు ఇది రాసేదాన్ని కాదు. ఆయన నేరుగా వెళ్ళి అరుగు మీద కూర్చుని ఆ సంగతి ఊరికి చెప్పాడు.

నాన్నకు రెండు పిచ్చిలుండేవి, ఒకటి రాజకీయం, రెండోది లైట్లు. ఏ ఎన్నికలొచ్చినా మా అరుగు మీదే మంతనాలు. ఏ పండగొచ్చినా ఇంటి చూరుకి రంగుబల్బుల తోరణాలు. ఆయన దృష్టిలో నలుగురితో చర్చించకుండా ఒక పని చేయడమంటే ఆ నలుగురినీ అవమానించడమే.

ఈలోగా అన్నయ్య నాకు పాఠం మొదలుపెట్టాడు. తను షాపుకి వెళ్ళలేడు కాబట్టి నాన్నతో నేను వెళ్ళాలి. వాళ్ళ కాలేజీ సీనియర్ దగ్గర్నుంచి తెప్పించిన పాత కంప్యూటర్ పత్రికలు పొట్ట మీద పరుచుకుని, దేని పక్కన ఏది ఉండాలో నాచేత ఎక్కాల్లా అప్పజెప్పించేవాడు.

"ప్రాసెసర్ లెక్కలు చేసిద్ది. గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీసిద్ది," అనేవాడు. "లెక్కలు చేసేవాడు ఎంత గబగబా చేసి పడేసినా, గీసేవాడు నిదానమైతే ఏం లాభం? బొమ్మ ఆగి ఆగి వచ్చిద్ది. అందుకని ప్రాసెసర్ మధ్యరకం చాలు. గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం తగ్గొద్దు. తెర మామూలుది. క్యాబినెట్ రేకుడబ్బా అయినా పర్లేదు, గాలి ఆడితే చాలు. దాంతో పాటు ఊరికే వచ్చే పవర్ సప్లై మాత్రం నమ్మొద్దు. అది విడిగా మంచిది తీసుకోవాల. ఏది, మళ్ళీ చెప్పు."

నేను చెప్పేదాన్ని. తప్పితే వాడు నా జడ లాగేవాడు. దెబ్బ తగిలాక వాడు నా జడ లాగడం అదే మొదలు, అందుకని అప్పుడప్పుడు కావాలనే తప్పు చెప్పేదాన్ని.

అరుగు మీద ఇంకో కంప్యూటర్ తయారవుతోంది. దానికి పెద్దదిక్కు ఎదురింటి కోటయ్య బాబాయ్. ఆయన కొడుకు గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు కాబట్టి కంప్యూటర్ల విషయంలో ఊళ్ళో ఆయన మాటకు తిరుగులేదు, కొడుకు చదివేది సివిల్ అయినా సరే.

"అన్నింటికంటే పైరకం ప్రాసెసర్ తీసుకో అన్నా," అనేవాడు నాన్నతో. "ఇంజిన్ గట్టిదైతే బండి అదే పోద్ది."

"కాదు బాబాయ్, గేములకి గ్రాఫిక్స్ కార్డు..." అని నేను మొదలుపెట్టేదాన్ని.

"నువ్వుండమ్మాయ్. పెద్దోళ్ళు మాట్లాడుకుంటన్నాంగా."

తెర గోడంత ఉండాలని ఒకాయన, స్పీకర్లు లేకపోతే దండగని ఇంకొకాయన. మా ఇంట్లో నిమ్మకాయ నీళ్ళు తాగుతూ, పొలంలో ఏ పురుగుమందు కొట్టాలో చెప్పినంత ధీమాగా, ఎన్నడూ మౌసు పట్టని మనుషులు చెప్పిన సలహాలవి. నాన్న అన్నింటికీ తల ఊపాడు. ఎవరినీ కాదనలేని ఆ తల ఊపుడు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నరసరావుపేట బయల్దేరిన రోజు బస్సులో నాన్న పక్కన కూర్చోవలసిన నేను వెనక సీట్లో కూర్చున్నాను, ఎందుకంటే బాబాయ్ కూడా వచ్చాడు. దారి పొడుగునా అన్నయ్య చెప్పినవి మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. షాపులో అడుగుపెట్టగానే అవి బయటపెట్టాను కూడా. షాపాయన నవ్వి, "పాప హుషారైందే," అని నా చేతిలో ఒక చాక్లెట్ పెట్టి, నాన్నకు కుర్చీ వేశాడు. ఆ తర్వాత నా మాట ఎవరూ వినలేదు. పైరకం ప్రాసెసర్ అద్దాల బీరువాలోంచి దిగింది. దానికి తగ్గ మదర్‌బోర్డు దిగింది. బాబాయ్ మెచ్చిన పెద్ద తెర దిగింది. అనుకున్న డబ్బులో చానా భాగం అక్కడే అయిపోయింది. అప్పుడు షాపాయన ఒక మూలనున్న క్యాబినెట్‌కి ప్లగ్గు పెట్టాడు. దాని ముందూ పక్కలా ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి. నాన్న కుర్చీలోంచి లేచాడు.

"అచ్చం ప్రభలాగుంది కదరా కోటయ్యా."

అయిపోయింది. నేను ఆయన చొక్కా పట్టుకుని, "నాన్నా, లైట్లొద్దు, గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం, పవర్ సప్లై విడిగా కావాల," అని చెవిలో చెబుతూనే ఉన్నాను. "అన్నీ ఉంటాయమ్మా దీంట్లో," అన్నాడాయన, నా తల నిమురుతూ. మిగిలిన కాస్త డబ్బుకి షాపాయన పేరుకో గ్రాఫిక్స్ కార్డు చూపించాడు. అది బిస్కెట్ ప్యాకెట్టంత ఉంది. అన్నీ అక్కడే బిగించి, పెట్టెల్లో సర్ది ఇచ్చాడు.

ఊళ్ళో దిగేసరికి అరుగు నిండా జనం. కంప్యూటర్ని ఇంట్లో పెట్టకముందే నాన్న క్యాబినెట్‌కి నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టించాడు. లైట్లు వెలిగించాక పిల్లలు చప్పట్లు కొట్టారు. అన్నయ్య మంచం పక్కకి బల్ల జరిపి తెర అటు తిప్పారు. వాడు లోపల ఏముందో ఒకటొకటి చూసుకున్నాడు, నా వైపు ఒకసారి చూశాడు, నేను తల దించుకోలేదు గానీ నాకు ఏడుపొచ్చింది. గేము పెట్టాడు. కారు పందెం. కారు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది, మలుపు తిరగాల్సిన చోట బొమ్మ బిగుసుకుపోయి, కదిలేసరికి కారు గోడకి గుద్దుకుని ఉంది. అంత పెద్ద తెర మీద అది ఇంకా అధ్వానంగా కనిపించింది.

"ఎట్టా ఉందిరా?" అన్నాడు నాన్న, మొహం వెలిగిపోతుండగా.

"బాగుంది నాన్నా," అని అన్నయ్య గోడ వైపు తిరిగాడు.

జనం వెళ్ళిపోయాక నేను నాన్న ముందుకెళ్ళి నిలబడ్డాను. నాన్న కుర్రతనంలో బండలాగుడు పందాలకి ఎడ్లను మేపినవాడు. జోడీ ఎత్తూ బలమూ సరితూగకపోతే కాడి మోయనివ్వని మనిషి.

"నాన్నా, మన పెద్ద కోడె పక్కన పాలు మరవని దూడని కట్టి బండ లాగిస్తావా?"

"ఎవడన్నా కడతాడా అట్టా?"

"నువ్వు కట్టావుగా. అదిగో."

ఆయన కంప్యూటర్ వంక చూశాడు, నా వంక చూశాడు. "ఎద్దు ఎద్దే, కంప్యూటర్ కంప్యూటరే. నోరు లెగుస్తంది నీకు," అని కండువా దులుపుకుని, వినుకొండలో ఏదో మీటింగుందని, రేపు సాయంత్రానికి వస్తానని వెళ్ళిపోయాడు. ఇంత సూటిగా చెప్పినా తలకెక్కని మనిషికి ఇంకెలా చెప్పాలో నాకు తోచలేదు. వంటింట్లోకి పోయి పీట మీద కూలబడ్డాను.

అది ఆవకాయ రోజు. అమ్మ కత్తిపీట ముందేసుకుని మామిడికాయలు కొడుతోంది. వంటిల్లంతా జీడి వాసన, ఆవపిండి ఘాటు. ఆమె తల ఎత్తకుండానే అడిగింది, "ఏందే, అందరూ బాగుందంటంటే నువ్వూ వాడూ ఏడుపు మొహాలు పెట్టారు?"

నేను మొత్తం చెప్పాను. లెక్కలు చేసేవాడు, బొమ్మ గీసేవాడు, నమ్మకూడని పవర్ సప్లై, అన్నీ. అమ్మ ముక్కల్లో జీడి తీస్తూ విన్నది.

"అంటే పట్టుచీర కొని రవికెగుడ్డకి గోనెపట్టా తెచ్చినట్టయింది."

"అంతేనమ్మా."

"మరి ఆ కరెంటు డబ్బా ఏంది? పొలాల మోటార్లన్నీ ఒక్కపాలి లెగిస్తే మనింట్లో లైటు గుడ్డిదీపం అయిద్ది. పోయినేడు నా మిక్సీ కాలింది అట్టాగేగా. దానికే తక్కువరకం పెట్టారా?"

కంప్యూటర్ గురించి పవర్ సప్లై దగ్గర్నుంచి ఆలోచన మొదలుపెట్టిన మనిషి ఊరు మొత్తం మీద మా అమ్మ ఒక్కతే. ఆమె చేతులు కడుక్కుని అన్నయ్య దగ్గరికి వెళ్ళింది. "ఒరేయ్, లెగు. మార్చాల్సినవి విప్పియ్యి. నేను తీసకపోతా."

"షాపాయన తీసుకోడమ్మా."

"ఎందుకు తీసుకోడో నే చూసుకుంటా. నువ్వు విప్పు."

అన్నయ్య మంచం మీంచి దిగాడు. నేను ఒక పక్క, అమ్మ ఒక పక్క పట్టుకుంటే నేల మీద కూర్చుని, రాడ్ల కాలు బారచాపుకుని, స్క్రూలు ఒకటొకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. దెబ్బ తగిలాక వాడు ఇష్టపడి మంచం దిగడం అదే మొదటిసారి. అమ్మ ఆ సంగతి గమనించినట్టు కూడా కనిపించకుండా, పక్కింటి అత్తను పిలిచి ముక్కలకు ఉప్పు పట్టించమని చెప్పింది. ఆవకాయ ముక్కలు ఇంకొకరి చేతికివ్వడమంటే మా అమ్మకి ఎంత పెద్ద విషయమో మా ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే గోనెసంచిలో పెద్ద తెర, చీరముక్కలో చుట్టిన తక్కిన సామాను వేసుకుని బస్సెక్కాం. షాపాయన చూడగానే తల అడ్డంగా ఊపాడు. "విప్పినవి వాపసు తీసుకోమమ్మా."

"విప్పింది నువ్వే కదయ్యా. బిగించింది కూడా నువ్వే. పిల్లోడు ఏం కావాలో చెప్పి ఈ పిల్లని పంపాడు. నువ్వు చాక్లెట్ ఇచ్చి కూర్చోబెట్టావంట."

"సార్ అడిగిందే ఇచ్చాను కదమ్మా."

"సార్‌కి ఏం తెలుసు. ఆయన లైట్లు చూసి కొన్నాడు. నాకు డబ్బులొద్దు, వాటికి సరిపడా వేరే సామాను ఇయ్యి. ఇచ్చిందాకా ఈడే కూర్చుంటా."

నిజంగానే కూర్చుంది, సరిగ్గా ఫ్యాను కింద, గుమ్మానికి ఎదురుగా. లోపలికొచ్చిన ప్రతివాళ్ళతో మర్యాదగా, కోపం లేకుండా, "అయ్యా, మీకేం కావాలో ముందు గట్టిగా అనుకోండి, ఈడ మనం ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తారు," అని చెప్పింది. అన్నం వేళకి షాపాయన లోపలికి పిలిచి, ఏం కావాలో చెప్పమన్నాడు. ఈసారి నేను చెప్పింది మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నాడు. పైరకం ప్రాసెసర్ పోయి, అదే మదర్‌బోర్డుకి సరిపోయే మధ్యరకం వచ్చింది. పెద్ద తెర పోయి మామూలుది వచ్చింది. ఆ తేడాలతో అన్నయ్య చెప్పిన గ్రాఫిక్స్ కార్డు, ఇటుకంత బరువైన పవర్ సప్లై వచ్చాయి. క్యాబినెట్ ఒక్కటే మార్చలేకపోయాం. పసుపూ కుంకుమా పెట్టింది ఎవరు తీసుకుంటారని మేమే దాన్ని తీసుకురాలేదు.

అన్నయ్య బిగించాడు. నేను టార్చి పట్టుకున్నాను. ప్రాసెసర్ మీద ఫ్యాను కూర్చోబెట్టేటప్పుడు వాడి నుదుటి మీద చెమట బొట్లు, పొలంలో మోటార్లు ఆగే వేళ కోసం మా ఎదురుచూపు, స్విచ్చి నొక్కాక తెర మీద మొదటి అక్షరాలు వచ్చేదాకా అమ్మతో సహా ఎవరం ఊపిరి తీయకపోవడం నాకింకా గుర్తే. కారు పందెం మొదలైంది. ఈసారి కారు ఆగలేదు. నీళ్ళ మీద జారినట్టు మలుపులు తిరిగింది. అన్నయ్య భుజాలు కూడా దాంతోపాటే ఒరిగాయి. గుమ్మంలో నిలబడి చూస్తున్న కోటయ్య బాబాయ్ "ఎడం పక్కకి కొయ్యరా" అంటే, "నువ్వాగు బాబాయ్," అని అన్నయ్య గట్టిగా అరిచాడు. కబడ్డీ ఆటలో అరిచే గొంతది. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కారం దుమ్ముకి తుమ్మినట్టు, ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది.

సాయంత్రం నాన్న వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేందే, టీవీ కుంచించుకుపోయింది?"

ఆయన అన్నయ్య మొహం చూశాడు. చానాసేపు చూశాడు. తర్వాత మంచం చివర కూర్చుని, "లైట్లున్నాయి కదా, చాల్లే," అన్నాడు. మూడు రంగుల లైట్లు కళ్ళలోకి కొడుతుంటే ఆడటం కష్టమని అన్నయ్య నాతో ఎన్నోసార్లు అన్నాడు గానీ, నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ వాటిని ఆర్పేవాడు కాదు.

మిరపదుమ్ముకి ఫ్యాన్లు మూసుకుపోతుంటే బ్రష్షుతో దులుపుకుంటూ, తుమ్ముకుంటూ, ఆ కంప్యూటర్ని మేం ఏళ్ళ తరబడి నడిపించాం. స్నేహితులు మళ్ళీ గుంపుగా రావడం మొదలుపెట్టారు. ఒక ఏడు పోయినా అన్నయ్య చదువు పూర్తి చేశాడు. కాలు కొంచెం ఈడుస్తాడు. ఇప్పుడు వ్యవసాయం చూసుకుంటూ, సాయంత్రాలు మా ఊరి బడిపిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడు, గీత బయట నిలబడి అరుస్తూ. కంప్యూటర్ల పాఠాలు నేను జీతానికి చెబుతున్నాను.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా అరుగు పోయింది. కోటయ్య బాబాయ్ లేడు. ఆ షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇంటింటికీ ఫోన్లొచ్చాక పక్కింటికి పార్సిల్ వచ్చినా ఏం కొన్నారని ఎవరూ అడగరు. పోయిన నెల అన్నయ్య తన కూతురికి కంప్యూటర్ కొంటానంటే ఊరెళ్ళాను. ఇద్దరం ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటే పావుగంటలో అన్నీ కుదిరిపోయాయి, దేనికేది సరిపోదో అదే చెప్పేస్తోంది. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఫోను వంక కూడా చూడలేదు.

"నాన్నా, తెర ఈ మాత్రం చాలా, పెద్దది తీసుకుందామా?" అన్నాను.

"నాకేం తెలుసుద్దమ్మా. మీరే చూసుకోండి."

అన్నయ్య నా వంక చూసి, ఆయన్ని రెచ్చగొడదామని గొంతు పెంచి, "నాన్నా, అన్నింటికంటే పైరకం ప్రాసెసర్ తీసుకుని, గ్రాఫిక్స్ కార్డు మానేద్దామనుకుంటన్నా," అన్నాడు.

నాన్న తల ఊపాడు. "అట్టాగే కానీరా. మీకేది మంచిదైతే అది."

నరసరావుపేట షాపులో ఆయన చొక్కా పట్టుకు లాగిన రోజున కూడా నాకు అంత విసుగు రాలేదు.